సరిపడే రాయి

మా కొండ మీద మట్టి ఉండదు, మోసుకొస్తాం.
రాతికీ రాతికీ నడుమ దోసెడు పట్టే గుంట దొరికితే
లోయలోంచి వీపుగంపలో తెచ్చి నింపి
మూడు మొక్కజొన్న గింజలు వేస్తాం.
ఒకటి ఎలక తింటుంది.
మిగతా రెండిట్లో మాదేదో వాన చెబుతుంది.
ఇది నాయనమ్మ లెక్క.

నా లెక్క వేరు. డోంగ్ వాన్ జియోపార్క్ ఆఫీసులో
నలభై రోజులు నేర్పారు నాకు:
"ఇదంతా ఒకప్పుడు సముద్రం" అని చెయ్యి చాచి చెప్పాలి.
చెప్పాక మూడు క్షణాలు ఆగాలి.
ఫోటోలు తీసుకునేది అప్పుడే.

హనోయి నుంచి ఖువే గారు వచ్చిన పొద్దున
పొగమంచులో మా పందులు కూడా కనబడలేదు.
ఆయనకు మాత్రం అది కనబడింది.
మా ఇంటి చుట్టూ రాతిగోడ; సున్నం లేదు, సిమెంటు లేదు,
ఒకదాని బరువే ఇంకోదాన్ని పట్టుకునుంటుంది.
దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని
చిన్న బ్రష్షుతో ఒక రాయిని తుడిచారు,
పసిదాని మూతి తుడిచినట్టు.

ఓ, అదా! మేం దాన్ని జెర్రి అనేవాళ్ళం.
దాని వీపు మీద కాలు పెట్టే గోడెక్కేదాన్ని.

"యాభై కోట్ల ఏళ్ళు" అన్నారు వియత్నామీలో.
ముసలామెకు మీ మోంగ్ భాషలో చెప్పమన్నారు.
సముద్రానికి మాకు మాటుంది, చూసినవాళ్ళు లేరు.
కోట్లు మాత్రం నా నోట్లోనే తడబడ్డాయి.
"నువ్వు పుట్టకముందు" అన్నాను.
"మనవాళ్ళు ఉత్తరాన్నించి కొండలు దాటి రాకముందు.
కొండలు కొండలు కాకముందు."
నాయనమ్మ జనపనార మెలిపెట్టడం ఆపలేదు.
"అయితే మనకంటే ముందొచ్చి స్థలం పట్టిందన్నమాట.
పన్ను కట్టిందా మరి?"

రాయిని మ్యూజియానికి తీసుకెళ్తామన్నారు.
దానికో నంబరు, మాకో అభినందన పత్రం, ఎర్రముద్రతో.
నాయనమ్మ పత్రాన్ని తిరగేసి చూసింది.
"ఇది ఆ సందులో పడుతుందా?"
నేను అనువదించలేదు.
"అంత రాయి తెచ్చిమ్మను. ఈ మొహం ఇటూ
ఆ మూల అటూ ఉన్న రాయి.
దానికోసం మీ తాత రెండు వానాకాలాలు తిరిగాడు."
ఇది అనువదించాను.
ఖువే గారు నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు.

దుప్పట్లో చుట్టి జీపెక్కించారు జెర్రిని.
ఆ సాయంత్రమే మేక ఆ కంతలోంచి దూరి
పక్కవాళ్ళ బక్‌వీట్ మడిలో పడింది.

ఆ పూల సంగతీ చెప్పాలి.
కరువేళ్ళలో ఆ గింజ పిండితో చేదురొట్టె చేసుకుని
ప్రాణాలు నిలుపుకున్నారు మావాళ్ళు.
ఇప్పుడు ఆ గులాబీరంగులో నిలబడ్డానికే
మనిషికి పదివేల దోంగులు.
మా చెల్లెలు పాయ్‌కి ఏడేళ్ళు,
రోజంతా పూలగంప వీపున పెట్టుకుని నవ్వుతుంది.
మట్టిగంప మోసే వయసింకా రాలేదు దానికి.

ముప్ఫై టిక్కెట్లంత మేసిందని మడి ఆసామి గోల.
"ఊరు మొత్తానికి మేకొక్కటే
దాన్నింకా తిండిగా గుర్తుపట్టింది" అంది నాయనమ్మ.
టిక్కెట్ల డబ్బు నా జీతంలోంచి కట్టాను.

నెల తిరక్కుండా ఖువే గారు మళ్ళీ వచ్చారు,
ఆఫీసు పని మీద కాదు.
జీపు వెనక పదకొండు రాళ్ళు.
మధ్యాహ్నం దాకా ఒక్కోటీ తిప్పి తిప్పి పెట్టి చూశారు,
వేళ్ళు చెక్కుకుపోయాయి.
ఆయన ప్రతి రాతి లోపల ఏముందా అని చూస్తారు,
నాయనమ్మ అంచులు చూస్తుంది.
ఏదీ పట్టలేదు.
ఆమె ఆయనకు మొక్కజొన్న సారా పోసి
"మీ తాతకూ ఇంతే అయ్యింది" అంది, నాతో.

సందులో ఇప్పటికి ముళ్ళకంప కుక్కాం.
టూరిస్టులు అక్కడే ఆగి అడుగుతారు, ఇదేమిటని.
చెయ్యి చాచి చెబుతాను:
"ఇక్కడ ఒకప్పుడు సముద్రం."
ఆగుతాను.
మూడో క్షణంలో కంప కదులుతుంది,
గడ్డంతో సహా మేక తల బయటికొస్తుంది.
కెమెరాలన్నీ దానివైపు.