నూటొకటో నంబరు

బిల్లు బుక్కు నూటొకటి నించి అచ్చేయించా.
ఒకటి నించి అయితే
నిన్న పుట్టిన కొట్టని తెలిసిపోద్దని
ప్రెస్సు కోటయ్య చెప్పిన కిటుకు.
ముందు వంద ఎవరికి రాశావని
ఇంతవరకూ ఎవరూ అడగలా.

చీమకుర్తిలో, సంతనూతలపాడు పోయే రోడ్డు మీద
దస్తగిరి టైలరు కొట్లో సగం నాది.
సగమంటే సగం కాదు,
కాజాలు కుట్టే బల్లకీ గోడకీ మధ్య
మూడడుగుల సందు.
అద్దె సంగతి ఎత్తితే
"నా మిషను మోటారు కూడా చూస్తా ఉండు" అన్నాడు.
స్క్రూడ్రైవర్లు నాలుగు, మల్టీమీటరొకటి,
అక్క చీటీ పాడి ఇచ్చిన డబ్బుతో కొన్న బ్లోయరు.
పాలిటెక్నిక్ రెండో సంవత్సరం ఐడీ కార్డు
మెళ్ళోంచి తీసేవాణ్ణి కాదు,
మా కొట్టుకి అదే బోర్డు.

మొదటి బేరం పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆఫీసు సీపీయూ.
గుమస్తా వెంగళరావు మోపెడ్ మీద
కాళ్ళ మధ్య పెట్టుకుని
మేకపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు.
"బో మొండికేసింది అబ్బయా,
మూడు కూతలు కూసి ఊరుకుంటంది."
మూత తీస్తే
లోపల ఇంకో క్వారీ.
ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు మేట,
అందులో అక్కడక్కడా
నల్లరాయి చుక్కల మెరుపు.
వీధిలోకి తీసుకుపోయి బ్లోయరు పెట్టా.
ర్యామ్ ముక్క ఊడదీసి
పదో తరగతి నాటి రబ్బరుతో పళ్ళు తోమా.
లేచి కూచుంది.
"ఎంత?"
గొంతులో ఏ అంకే రాలా.
రబ్బరుతో తుడిచినందుకు ఎంతని చెప్పను?
దస్తగిరి తలెత్తకుండా,
నోట్లో గుండుసూదులు అట్టాగే పెట్టుకుని
"నూటయాభై" అన్నాడు.
ఆయన పోయినాక నాతో అన్నాడు:
"చొక్కా వాళ్ళదే. గుండీ వాళ్ళదే.
దారమే గదా నాది. తీసుకోటంలా?"

నాన్న పదహారేళ్ళుగా రాయి కోసే మిషను దగ్గరే.
ఒక రోజు డ్యూటీ దిగి ఇటొచ్చాడు.
బ్లోయరు చేతిలోకి తీసుకుని
అటూ ఇటూ తిప్పి
"దీంతో లోపలిదంతా పోద్దా?" అన్నాడు.
పైపైది పోద్ది నాన్నా, అన్నా.
ఊఁ అని, పక్కకి తిరిగి దగ్గి,
దస్తగిరితో వాన సంగతి మాట్టాడి పోయాడు.

చెప్పకుండా దాటేద్దామనుకున్నది ఒకటుంది.
దస్తావేజు లేఖరి మాలకొండారెడ్డి గారి కంప్యూటరు.
వైరస్ అని సీ డ్రైవు కొట్టబోయి
మొత్తం కొట్టేశా.
ఆ ఏడాది రాసిన దస్తావేజులన్నీ పోయాయి.
ఆయన తిట్టినవి ఇక్కడ రాయను,
ఒంగోలు దాకా వినపడే ఉంటాయి.
అలిసిపోయాక
నకళ్ళ కట్ట తెచ్చి నా బల్ల మీద పడేశాడు.
ఇరవై మూడు రాత్రులు టైపు చేశా.
తూర్పు: యర్రగుంట్ల వారి మెట్ట
పడమర: డొంక
ఉత్తరం: వాగు
దక్షిణం: ఇదివరలో మేము అమ్మిన భూమి
ఈ హద్దుల నడుమ గల ఎకరం పది సెంట్లు
ఎవరి చేను ఎన్ని చేతులు మారి
క్వారీ గుంటయ్యిందో
అక్షరం అక్షరం వెతుక్కుని కొడుతుంటే తెలిసింది.
ఒక లింకు దస్తావేజులో మా తాత పేరు.
అమ్మినవారు. వేలిముద్ర.
అది కూడా తప్పుల్లేకుండా కొట్టా.
రెండు చోట్ల సేవ్ చేశా.

ఆ సెమిస్టరు సర్క్యూట్స్ పేపరే పోయింది.
కాలేజీలో నవ్వారు. నేనూ నవ్వా, కాసేపయినాక.

నిన్నటితో బుక్కు అయిపోయింది, రెండొందలు.
ఇరవై మూడు రాత్రులకి బిల్లు రాయలా,
అక్క చీటీకి రాయలా,
మిషను మోటారుకి రాసేదేముంది.
ఆ ముందు వందా అట్టా ఎక్కడో చెల్లిపోయుంటాయి.
ఈసారి ఎంత నించి, అన్నాడు కోటయ్య.
రెండొందల ఒకటి.
"అడ్రసన్నా వెయ్యి మరి, బోర్డు లేదు గదా."
నోటికొచ్చింది చెప్పా, ఆయన రాసుకున్నాడు:
తూర్పు కాజాల బల్ల, పడమర గోడ,
ఉత్తరం రోడ్డు,
దక్షిణం మేకుకి వేలాడే దస్తగిరి టేపు.
ఈ హద్దుల నడుమ
మూడడుగులు.