చక్కెర పొర

అమ్ముగూడలో, మూడో అంతస్తు డాబా మీద,
సింటెక్స్ ట్యాంకు నీడలో
సుబేదారు ఇస్తారి కొండను కడుతున్నాడు.
మనవరాలి డ్రాయింగ్ బోర్డు మీద
ముందు తడి రవ్వ, అరచేత్తో అణిచి;
దానిపైన చక్కెర, పలచగా, అణచకుండా;
ఆపైన మైదా, జల్లెడ పట్టి, గరిటె వెనకతో నున్నగా.

"మన భాషల మంచుకు ఒక్కటే మాట బిడ్డా.
పొద్దుగాల గడ్డి మీద మెరిసేదీ గదే,
మనిషిని మింగేదీ గదే.
గందుకే వంటింట్లకెల్లి పేర్లు తెచ్చుకున్న.
రవ్వ మంచు. మీగడ మంచు. పెచ్చు.
చక్కెర మంచునైతే నమ్మకు.
మబ్బు లేని చలి రాత్రులల్ల లోపల్లోపల తయారైతది,
ఒక పలుకు ఇంకో పలుకు చెయ్యి పట్టదు."

టేబుల్ ఫ్యాన్ వేశాడు.
ఇటువైపు మైదా పొగలా లేచి
అంచు దాటి అటువైపు మెత్తగా దిగింది.
"గాలి కొట్టేది ఇటు. బరువు పెరిగేది అటు.
సక్కగ కనబడేది గూడ అటే."

అదే పిల్ల కంపాస్ పెట్టెలోంచి కోణమానిని.
ముప్పై. ముప్పై అయిదు.
ముప్పై ఎనిమిది దగ్గర కింద ఇటుక పెట్టి
గరిటెతో తట్టడం మొదలుపెట్టాడు.
మణికట్టు ఊపుతో పది.
ఇక మోచేతి ఊపుతో: పదకొండు, పన్నెండు,
కింది వాటాలో కుక్కర్ కూత, పదమూడు,
పద్నాలుగు

ఉస్సుమని చిన్న నిట్టూర్పు.
మైదా మొత్తం ఒక్క దుప్పటిలా
జారి నా ఒళ్లో పడింది.
నవ్వాను. ఆయన నవ్వలేదు.
"పదమూడు దాకా ఏం గాలే, సూసినవా.
ముందు నడిచినోళ్ల అడుగులు సూసి
వెనకటోడు ధైర్యం తెచ్చుకునేది గిట్లనే."

'ఏం కాదు మేడం' అని గైడు ఫోనులో చెప్పాడన్నాను.
"'ఏం కాదు' అనేది లెక్క గాదు.
ఎప్పుడు కురిసింది, ఎంత కురిసింది,
ఎండ ఏ పక్క ఎన్నిగంటలకు తగుల్తది, గవి అడుగు."

ఆయన్నే అడిగాను:
ఆ రోజు మీ వాలు ఎన్నో దెబ్బకు?

ఫ్యాన్ ఆపాడు.
"ఆ రోజు తవ్వలే.
పొద్దు గూకుతుండె. కింద క్యాంపుల
చాయ్ మరుగుతున్నదని వైర్లెస్ల చెప్పిన్రు."

సత్తెమ్మగారు చీపురు తెచ్చింది.
ఉప్మాకూ కాకుండా, కేసరికీ కాకుండా చేస్తివి అంటూ
కొండను ఓ మూలకి ఊడ్చి చీమలకు వదిలింది.

వచ్చేటప్పుడు మడత పార ఒకటి నా చేతిలో పెట్టాడు.
బస్సు తిరుమలగిరి దాటాక
విప్పి చూశాను.
పిడి మీద మేకుతో గీసిన పేరు
ఇస్తారి కాదు.