నాలుగో నంబరు ట్రాము

నా అల్మరాలో ఒకే సింఫనీ తొమ్మిదిసార్లు ఉంది.
తొమ్మిదింటి రాతా ఒకటే, చుక్క తేడా లేదు.
గురువారం సాయంత్రం లిబూషె మూడంతస్తులెక్కి వస్తుంది.
రాగానే మేం చేసే పనల్లా
ఒకటేనన్నది ఒకటి కాదని తేల్చుకోవడం.

రెండో భాగం హావ్రానెక్ చేతిలో ఏడు నిమిషాల యాభై సెకన్లు.
మారెష్ చేతిలో పది దాటుతుంది.
"ఈయన నడిపించడు, మోస్తాడు" అంటుంది లిబూషె.
నలభై ఏళ్లు మందుల కొట్టులో
చిటికెడు ఎక్కువైతే ఏమవుతుందో చూసిన మనిషి.
కొలత తప్పితే ఆమెకి గిట్టదు.

నేను ఈ బర్నో ఊళ్లో ట్రాము నడిపినవాణ్ణి.
పట్టాలు అవే, స్టాపులు అవే,
దిగేవాళ్లూ ఇంచుమించు వాళ్లే.
అయినా సెలవు రోజున వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంటే
ఇవాళ హ్యాండిల్ మీద ఎవరి చెయ్యి ఉందో
బ్రేకు పడే తీరులో తెలిసిపోయేది.
యిందర్జిక్ మలుపుని కోసేవాడు.
ముసలి బోహుమిల్ మలుపు ఇంకా రాకముందే మెత్తబడి,
నిలబడ్డ పెద్దావిడ బుట్టలో గుడ్లు ఒకదానికొకటి తగలకుండా
తిప్పేవాడు.
మారెష్ బోహుమిల్ లాంటివాడు, అంతే.
ఆ మాటే లిబూషెతో అంటే
"గుడ్లు వేరు, వయోలాలు వేరు" అంది.

తొమ్మిదింటిలో ఒకటి స్టూడియోది కాదు.
డెబ్భై నాలుగు ఫిబ్రవరి, మా ఊరి కచేరీ హాలు, జనం ముందు.
నిజం చెప్పాలంటే గొప్పదేం కాదు.
ఓబో శ్రుతికి కాస్త కిందనే ఉండిపోతుంది.
సెల్లోలు చలికి ముడుచుకుని పడుకున్నవాళ్లలా ఆలస్యంగా లేస్తాయి.
మొదటి భాగం పొడుగునా ఎవరో దగ్గు మింగుతుంటారు.
కానీ రెండో భాగం చివర,
తీగలన్నీ ఊపిరి బిగబట్టి
క్లారినెట్ ఒక్కటే దారి వెతుక్కునే చోట,
గోడ అవతల, బాగా దూరంగా
టింగ్, టింగ్.
రెండుసార్లు.

ఆ ఏడాది ఆ హాలు వెనక వీధిలో
నాలుగో నంబరు నడిపింది నేను.
గంట ఎందుకు కొట్టానో కూడా గుర్తుందనుకుంటాను.
పట్టాల మధ్య పడ్డ చేతితొడుగు కోసం
ఒక పిల్ల వంగి ఉంది. మంచు పడుతోంది.
తలెత్తి నవ్విందో తిట్టిందో
అది మాత్రం గుర్తు లేదు.

లిబూషె లెక్క తీసింది.
ఆ రాత్రి ఆ దారిలో అయిదు ట్రాములు, అయిదుగురు డ్రైవర్లు.
"ఆ గంటలో అయిదో వంతు నీది" అంది,
పొట్లం కట్టి చేతిలో పెట్టినట్టు.

మొన్న అదే కచేరీ, శుభ్రం చేసిన కొత్త డిస్కు వచ్చింది.
గరగర లేదు. దగ్గు లేదు.
ఓబో కింద నేల తడిగుడ్డతో తుడిచినట్టుంది.
చివరికొచ్చేసరికి ఇద్దరం టీ కప్పులు కింద పెట్టేశాం.
క్లారినెట్ వచ్చింది.
తెల్లటి నిశ్శబ్దంలో నిలబడింది, వెళ్లిపోయింది.
గంట లేదు.

అది అంత అందంగా ఉంటుందని
ఇన్నేళ్లూ నాకు తెలియదు. ఒప్పుకోవాలి.
ఒప్పుకున్నా,
ఎత్తేసిన స్టాపు దగ్గర
రోజూ దిగేవాడి కాలు ఒకసారి లేచి ఆగినట్టు
చెవి అక్కడే ఆగిపోయింది.

లిబూషె ఏమీ అనలేదు.
లేచి పాత రికార్డు తీసింది.
స్వెటరు చేతి అంచుతో దుమ్ము తుడిచింది
(అలా తుడవకూడదని నాతో ఎన్నిసార్లు పోట్లాడిందో).
కళ్లజోడు పైకి తోసి, ముల్లుని
సరిగ్గా ఆ గీతల ముందు దించింది.

గరగర. సెల్లోలు, ఎప్పటిలాగే ఆలస్యంగా.
క్లారినెట్.
టింగ్, టింగ్.

"రెండోది కాస్త తొందరపడ్డావు" అంది.