మూడు ఉత్తరాలు

మామునూరు మైదానంల ఉన్న ఒక్క వేప నీడ
మా ప్లాటూను కంటె చిన్నది.
అందుకే నీడ వంతులవారీగ.
ఎండ మాత్రం అందరికి ఒక్కసారే.

హవల్దార్ జగ్తాప్ సారు నేలమీద మ్యాపు పరిచి
నాలుగు మూలలకు నాలుగు రాళ్లు పెట్టి
"ఉత్తర్ తీన్ హోతే హై" అన్నడు.
ధ్రువం దిక్కు చూసేది ఒకటి,
దిక్సూచి ముల్లు చూపెట్టేది ఇంకోటి,
కాయితం మీద నిలువు గీతలు చెప్పేది మూడోది.
మూడింటి నడుమ కొంచెమే తేడా.
ఆ కొంచెం లెక్క కట్టకుంటే
పది కిలోమీటర్లు నడిచినంక
ఇంకెవరి ఊర్లనో తేల్తరట.

"మా తెలుగుల గూడ మూడే సార్,"
పక్కనుంచి ఫర్హీన్ గొణిగింది,
"దిక్కు ఒకటి, టపాల వచ్చేది ఒకటి,
అడిగినోళ్లకు ఇచ్చేది ఒకటి."
సారుకు తెలుగు రాదు.
నవ్వు మాత్రం వినబడ్డది.
వరుసంతా ఇరవై కప్పగంతులు.

నాకిచ్చిన బూట్లు ఏడో నంబరు.
నా పాదం అయిదు.
ముందర పేపరు ఉండలు చేసి కుక్కిన,
మార్కెట్ ధరల పేజీ.
దాయే బాయే అన్నప్పుడల్లా
తేజ రకం క్వింటాలు ఇంత, తాలు ఇంత అని
కాలి కింద కరకర.

మ్యాపుల గుట్టలు గుట్టల్లెక్క ఉండవు.
గోధుమరంగు గీతలు, ఒకదాని సుట్టు ఒకటి.
గీతలు దగ్గర దగ్గరుంటే నిట్టనిలువు ఎక్కుడు,
దూరం దూరముంటే
ఎడ్లబండి గూడ పోవచ్చు.
అర్ధరాత్రి టెంటుల టార్చి ముందు
నా బొటనవేలు పెట్టి చూసుకున్న.
అది గూడ ఒక గుట్టే.

ఏడో దినం నా పేరుమీద ఉత్తరం వచ్చింది.
జూన్ నెలల పన్నెండు దినాలు
సికింద్రాబాద్ల అసలు పటాలంతోని ఉండుడు.
మా కాలేజీ నుంచి ఒక్కతే: కొయ్యడ స్వరూప.
కింద ఖాళీ గీత. తల్లి లేక తండ్రి సంతకం.

పొద్దు గూకంగ గేటు కాడికి అమ్మ వచ్చింది,
ఎనుమాముల నుంచి రెండు ఆటోలు మారి,
కొంగు నిండ మిర్చి ఘాటుతోని.
సంత్రీ డ్యూటీల ఉన్న పిల్ల రెండుసార్లు తుమ్మింది.
ఎండకాలమంతా మేమిద్దరం
ఒక్క బస్తాకు ఎదురెదురుగ కూసోని తొడిమెలు తీస్తం.
ఈ యేడు నా దిక్కు ఖాళీ.

"పైసలిస్తరా?"
"లే. తిండి పెడ్తరు."
"ఏం తిండి?"
"పొద్దుగాల పూరి, గుడ్డు."
"రోజూ?"
"రోజూ."
అమ్మ పెదవులు కదిలినయ్,
కిలోకింత, దినానికిన్ని కిలోలు, పన్నెండు దినాలు.
ఆగినయ్. మళ్ల మొదటికెళ్లి కదిలినయ్.
ఆమె లెక్కల నేనెప్పుడు అడ్డం రాను.

స్టాంపు ప్యాడు తెచ్చిన్రు. వేలు ఒత్తింది.
గీతలు పడలే.
ఇంకోసారి ఒత్తింది.
నున్నగ, నీలంగ ఒక మచ్చ.
పదిహేనేండ్ల కారం
ఒక్కొక్క గీతనే తిన్నది.
గుట్టలన్ని చెరిపేసిన మ్యాపు అది.
ఏ దిక్కు ఎక్కుడో ఏ దిక్కు దిగుడో
ఎవ్వలు చెప్పలేరు.

జగ్తాప్ సారు కాయితం వెలుతురుకు పట్టి చూసిండు.
అమ్మ చెయ్యి చూసిండు.
ఇంకో చేతి వేలు పట్టుకోని తనే ఒత్తిచ్చిండు.
అది గూడ అంతే.
ఏమనలే. జేబుల పెన్ను తీసి
మచ్చ పక్కన హిందీల ఏందో రాసి
మడత పెట్టుకున్నడు.
నడుస్తదో నడవదో సారు చెప్పలే, నేనడగలే.

పోతపోత అమ్మ అడిగింది,
"తుపాకి పేలిస్తే కండ్లు మండుతయా?"
పొద్దున అయిదు గుండ్లు కాల్చిన.
పక్క పిల్లలు చప్పుడుకు కండ్లు మూసిన్రు.
నేను మూయలే.
బస్తా ముందట పెరిగిన కన్ను
మంట లేని చప్పుడుకు ఎందుకు మూసుకుంటది?
అదంతా చెప్పలే.
"మండయ్" అన్న. అంతే నా ఉత్తరం.

ఆటో పోయింది.
జేబులకెళ్లి దిక్సూచి తీసిన.
ముల్లు వణికి, వణికి
ఎనుమాముల దిక్కు ఆగింది.
తేడా ఎంతనో
నేనింక లెక్క కట్టలే.