చల్లారేదాకా

క్రాంక్‌కేసు ఉత్తరాల బండిది.
పన్నెండేళ్ళు వయాలా వీధుల్లో
గేటు గేటుకీ ఆగి, కుక్క కుక్కకీ జడిసి,
మళ్ళీ ఫస్టు గేరులో బయల్దేరిన బండి.
వేలంలో అరవై డాలర్లు.
విప్పితే లోపల నూనె లేదు, తారులాంటి రొచ్చు,
దాన్నిండా ఎర్రధూళి.
ఈ ఊరి ఇనుము
తీగ మీద ఆరేసిన తెల్లచొక్కానే వదలదు,
బేరింగుని వదులుతుందా?

సిలిండరు, ఇసుక దిబ్బల్లో ఎవరో కుర్రాడు
చెయ్యీ బండీ రెండూ విరగ్గొట్టుకుంటే మిగిలిన చైనా సరుకు.
పిస్టను కవాసాకీ. కార్బురేటరు సుజుకీ,
హెడ్డు ఒక్కటే హోండా.
హోండాకి హోండా అయితే మేనరికం, పేచీ లేదు.
ఇక్కడ నాలుగు ఇంటిపేర్లు ఒక పందిరి కింద
ఎవరి పట్టు వాళ్ళది.

పిస్టను పిన్ను పదమూడు.
రాడ్డు కన్ను పద్నాలుగు.
మధ్యలో అరమిల్లీ గోడతో ఒక కంచు గొట్టం కావాలి.

యోసిప్ దగ్గర కంచు ఉంది.
ఓడల యార్డు మూసేసిన రోజు
జేబులో వేసుకుని గేటు దాటిన ముక్క,
చూపుడువేలంత.
"దొంగతనమా?" అన్నాను.
"జీతం బాకీ," అన్నాడు.

ఆయన చేతులు వణుకుతాయి ఇప్పుడు.
లేత్ ఆయనది, హ్యాండిల్ మీది చెయ్యి నాది.
పగలంతా ఆసుపత్రి ల్యాబులో
ఊరివాళ్ళ నెత్తురు తిప్పే చెయ్యి,
రెండు వందల నెత్తుటి గొట్టాలకి బెదరనిది,
ఈ ఒక్క కంచు గొట్టానికి చెమట పట్టింది.
మొదటిది పాడుచేశాను. రెండు వందోవంతులు ఎక్కువ కోత.
ఏమీ అనలేదు.
మిగతా ముక్కని బిగించి
కళ్ళు మూసుకున్నాడు.
కోత కూతలో ఏం విన్నాడో, నాకు తెలీదు,
"చాలు" అన్నాడు.
చాలింది.

మా ఉదిత మట్టిబొమ్మల ముద్దలోంచి
పచ్చది చిటికెడు దొంగిలించి
పిస్టను నెత్తిన అంటించి, హెడ్డు బిగించి,
క్రాంకు రెండు చుట్లు తిప్పి, విప్పి,
బ్లేడుతో కోసి చూశాం.
ఎగ్జాస్టు వాల్వుకీ పిస్టనుకీ మధ్య మిల్లీ కూడా లేదు.
అంటే, స్టార్ట్ చేసి ఉంటే
ముద్దు కాదు, గుద్దే.
మూడు రాత్రులు ఆకురాయి.
ల్యాబు సిరంజితో కిరసనాయిలు పోసి
హెడ్డు గుంత కొలిస్తే పన్నెండున్నర సీసీ.
అరచేతిలో పోస్తే వేళ్ళ సందుల్లోంచి జారిపోయేటంత.
ఆ గుంతలో పేలేదే
రేపు ఉప్పు సరస్సు మీద నన్ను మోయాలి.

ఆదివారం.
కిక్కు. ఏం లేదు.
కిక్కు. తుమ్మింది.
ఏడో కిక్కుకి వెనక్కి తన్నింది, పిక్క మీద నల్లగా కమిలింది.
యోసిప్ చోక్ వంక చూశాడు, నా వంక చూశాడు,
నేను సిగ్గుపడి పెట్రోలు ట్యాపు తెరిచాను.

తొమ్మిదోసారి
షెడ్డు రేకులన్నీ ఒక్కసారి గొంతు విప్పాయి.
పక్కింటి కాకటూలు చెట్టంతా ఖాళీ చేసి లేచిపోయాయి.
ఉతికే రాయి మీద చీర బాదినట్టు,
మధ్యలో ఒక దెబ్బ మరిచిపోయి
గుర్తొచ్చి రెండు కలిపి బాదినట్టు.

యోసిప్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ
"చూడు, ఇది అచ్చం మనలాగే, ఎక్కడెక్కడివో..." అని
మొదలుపెట్టబోయాడు.
పోలికలు వద్దన్నాను.
ట్యాపెట్ మోగుతోంది,
ముందు అది విను.

విన్నాడు. నవ్వాడు. కట్టెయ్యమన్నాడు.

వేడి మీద ట్యాపెట్ సందు సరిచెయ్యకూడదు.
పాల క్రేట్లు బోర్లించి కూర్చున్నాం.
సందు కొలిచే రేకు నా చొక్కా జేబులో.
టిక్.
కాసేపటికి, ఇంకో చోట, టిక్.
అల్యూమినియం ముందు ముడుచుకుంటుంది,
ఉక్కు తర్వాత.
కంచు ఎప్పుడో,
యోసిప్ చెవి అటే ఉంది.