తర్వాతి నంబరు

వేట నిషేధం రోజులు.
ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ భుజం భుజం ఆనించుకుని
ఉప్పునీళ్ళలో ఊరికే నానుతున్నాయి.
ఇదే అదను అన్నారు ఆఫీసువాళ్ళు,
పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి కాపురం మార్చడానికి.

రెండో అంతస్తు. తలుపేసినా ఆగని ఎండుచేపల వాసన,
రెక్క వంగిన ఫ్యాను, నేను, నా ల్యాప్‌టాప్,
పక్కన రిజిస్టర్ల పైడమ్మ గారు.
కంప్యూటర్ రాకముందు
బోట్లకి నంబర్లేసింది ఆవిడ చెయ్యే.

పాత ఇంట్లో ఒక అలవాటుండేది.
కొత్త బోటు పేరు రాయగానే, ఎవరూ అడక్కుండానే
చివరి అంకె పక్కన ఇంకో అంకె వచ్చి కూర్చునేది,
సిటీ బస్సు కండక్టరు టికెట్టు చింపినంత సులువుగా.
చింపే చెయ్యి ఒకటుందన్న సంగతే
మేమంతా మర్చిపోయాం.

సామానంతా దించాను. ఒక్క గిన్నె పోలేదు.
పాత నంబర్లు పాతవిగానే ఉంచాను:
డీజిల్ రాయితీ, కళాసీల జాబితా, ఐసు బాకీ
అన్నీ ఆ అంకె కొంగు పట్టుకునే నడుస్తాయి మరి.

పరీక్షకని ఒక ఉత్తుత్తి బోటు రాశాను.
కొత్త ఇల్లు దానికి ఒకటో నంబరిచ్చింది.
ఒకటి చోడిపల్లి ఎల్లాజీది,
ఆ బోటు చెక్క ఎప్పుడో పొయ్యిలోకి పోయింది గానీ
నంబరు మాత్రం ఇంకా ఆయనదే.
కుదరదు, ముందే ఉంది, అంది తెర.
మళ్ళీ నొక్కాను. రెండు. ముందే ఉంది.
మూడు. ముందే ఉంది.
అద్దెకి గది వెతుక్కునేవాడిలా
ప్రతి తలుపూ తడుతోంది పాపం.

అప్పుడు అర్థమైంది:
దీనికి సామాను అందింది, లెక్క అందలేదు.
ఎంతవరకు వచ్చామో
మనమే చెవిలో చెప్పాలి.

చివరి నంబరు 1846.
బోట్లు లెక్కపెడితే 1809.
"ముప్పై ఏడు ఖాళీలు. ఎలాగూ మారుస్తున్నాం కదా,
వరసగా సర్దేయనా?" అన్నాను.
"ఒగ్గీయమ్మా," అంది పైడమ్మ గారు,
కళ్ళద్దాలు తియ్యకుండానే.
"ఎవుడి నంబరు ఆడికుండాల."

అన్నీ తుపానులేం కావు.
రెండు బోట్లు నిజంగానే తిరిగి రాలేదు.
మిగతావి ఫీజు కట్టకుండా పోయినవాళ్ళవి,
ఒకటి రెండుసార్లు రాసింది,
ఒకటి కరెంటు పోయిన మధ్యాహ్నానిది.
ఖాళీలన్నీ ఒకేలా కనిపిస్తాయి బయటికి.

ఒక్క వాక్యం రాశాను:
ఉన్నవాటిలో పెద్దది చూడు, దాని తర్వాత నుంచి మొదలెట్టు.
మళ్ళీ ఉత్తుత్తి బోటు. 1847. పచ్చటి టిక్కు.
సంబరంగా దాన్ని తుడిచేశాను.

నిషేధం ముగిసింది. అర్ధరాత్రి ఇంజన్లన్నీ ఒక్కసారి దగ్గాయి,
యారాడ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు
డీజిల్ పొగని ముక్కలుగా కోస్తోంది.
పొద్దున్నే తడి రంగు చేతులతో వచ్చాడు
కొత్త బోటు మైలపల్లి సన్యాసి.
"నంబరు సెప్పండి, రాయించుకుంటాను."

తెర 1848 అంది.

తుడిచిన అంకెని అది వెనక్కి తీసుకోలేదు.
పైడమ్మ గారు తలెత్తి చూసింది,
తెరని, తర్వాత నన్ను.
"ముప్పై ఎనిమిది," అంది నవ్వుతూ,
"ఇది నీది."