ఎనిమిదీ ఎనిమిదీ నాలుగు

వాల్పరైసోలో ఏది కొనాలన్నా
ముందు మెట్లు లెక్కపెట్టుకోవాలి.
రోసాల్బా ఇంటికి నూట ఎనభై మూడు.
కొండెక్కించే పాత పట్టాల పెట్టె
మరమ్మతని బోర్డు తగిలించుకుని రెండేళ్లు.

పోయిన ఏడాది ఎవరి పెళ్లిలోనో
కూంబియా మధ్యలో ఆమె యాంపు కాలిపోయింది.
మాడిన చేపనూనె వాసన, కాస్త పొగ,
ఆ తర్వాత కిందంతా ఖాళీ.
జనం ఆడుతూనే ఉన్నారు గానీ
కాళ్లు నేల కోసం వెతుక్కున్నాయి.

రేవులో పది నెలలు పొలుసు గీకి
కూడబెట్టిన నోట్లు,
ఎంత ఉతికినా నీచు వదలని జేబులో పెట్టుకుని
ఎలెయుతేరియో కొట్టుకు వెళ్లింది.

ఆయన ముందు అమ్మడు, తిడతాడు.
"రెండు పెట్టెలు తగిలించావు కదూ?
ఒక్కోటి నాలుగు ఓములు, కలిపితే రెండు.
ఓములు తగ్గేకొద్దీ దాహం ఎక్కువమ్మాయ్.
నీ యాంపు పాపం, ఉన్నదంతా పోసి పోసి
చివరికి తన రక్తం కూడా పోసింది."

ఆమె వినడం లేదు. మూలకి చూస్తోంది.
అది పెట్టె కాదు, బీరువా.
ఎనిమిది స్పీకర్లు, పదేసి అంగుళాలవి,
జాలీ వెనక నల్లటి మొహాలతో.
ఐదు వందల వాట్ల యాంపుని దాని నెత్తిన పెట్టి
అన్నిటికన్నా లావు తీగ మీటింది.
అద్దాల అరలో సామాను గలగలమంది.
పిల్లి లేచి, వెనక్కి చూడకుండా, వెళ్లిపోయింది.
చెవులకంటే ముందు
మోకాళ్లకు వినపడింది రోసాల్బాకి.

"బరువెంత?"
"అరవై మూడు కిలోలు."

డ్రమ్ములు కొట్టే నవెల్‌కి నడుం పట్టేసింది.
అకార్డియన్ బెర్నార్దాకి ఏడో నెల.
అరవై మూడు, నూట ఎనభై మూడు...
గుణించడం మానేసింది.

తర్వాత పదిహేను అంగుళాల స్పీకరున్నది వాయించింది.
మాట గుండ్రంగా ఉంది, తొందరపెడితే నత్తి.
పన్నెండుది ఒకటి. దాని గురించి చెప్పడానికేమీ లేదు.
చివరికి రెండు పదులున్న చిన్న పెట్టె:
మాట స్పష్టం, పొట్టలో మాత్రం ఆకలి.

ఎలెయుతేరియో దాన్ని వెనక్కి తిప్పాడు.
"ఎనిమిది ఓములు. పద్దెనిమిది కిలోలు.
నీ ఐదు వందల యాంపు
దీనికి మూడు వందలకు మించి ఇవ్వదు.
ఇది మూడు వందల యాభై తట్టుకుంటుంది.
డబ్బులొచ్చినప్పుడు ఇలాంటిదే ఇంకోటి తీసుకో,
యాంపు నిండుగా పలుకుతుంది.
ఎనిమిదీ ఎనిమిదీ కలిస్తే నాలుగు."

ఇలాంటి లెక్కలు ముందే చెప్పుంటే
బడి మానేది కాదు రోసాల్బా.

గంతకు తగ్గ బొంత అని మనం నవ్వుతూ అంటాం.
ఆ కొట్లో ఎవరూ నవ్వలేదు.
ఆయన మీటరు ముల్లు ఆనించి
అంకె చూపించాకే డబ్బు లెక్కపెట్టుకున్నాడు.

తొంభయ్యో మెట్టు దగ్గర
పెట్టె మీదే కూర్చుని రేవు చూసింది.
బీరువా మీద ఇలా కూర్చోలేం కదా అనుకుంది,
తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు.

శనివారం, కొండ మీది పేట హాలు.
పెట్టెని కుర్చీ మీద పెట్టి వాయిస్తే
సన్నగా, ఎవరింట్లోనో రేడియోలా ఉంది.
కొట్లో వదిలొచ్చిన ఎనిమిది మొహాలూ
గుర్తొచ్చాయి, వరసగా.
"కింద పెట్టి మూలకి జరుపు," అంది బెర్నార్దా,
పొట్ట మీద అకార్డియన్ కుదరక తిప్పలు పడుతూ.

జరిపింది.
రెండు గోడలూ చెక్క నేలా
తలా కొంచెం అప్పిచ్చాయి.
కుర్చీల్లో ఉన్నవాళ్లు పాదాలు సర్దుకున్నారు.

ఒక్కటే చిక్కు:
మూడో తీగ మీద మూడో గడి నొక్కితే
గోడ రేకు జర్రుమంటుంది.
హాలు చూసుకునే ముసలాయన
మేకూ సుత్తీ పట్టుకొచ్చాడు.
ఆయన రెండు దెబ్బలు వెయ్యగానే
ఆమె అడ్డుపడింది.
ఆ గడి మళ్లీ నొక్కి, తల వంచి వింది.

మేకు సగమే దిగనిచ్చింది.
మిగతా సగం
రెండో పెట్టె కొన్నాక.